అడవిని ఇల్లు చేసికొన్న జాన్ మ్యూరు

మన ఇతిహాసములలో అరణ్యవాసము ఒక శిక్షగా వచ్చును. రాముడు తండ్రిమాటకు కట్టుబడి అడవికి పోయెను. పాండవులు జూదములో ఓడి పోయిరి. ఎవరి ఆజ్ఞయు లేక, ఏ పందెమును ఓడక, తనంత తాను అడవిని ఇల్లుగా చేసికొని, పిమ్మట ఆ అడవి ప్రజలందరి ఉమ్మడి సొత్తుగా నిలుచునట్లు పాటుపడినవాడు జాన్ మ్యూరు. నేడు అమెరికాలోని జాతీయవనములలో గుడారములు వేసికొనియు, ఇండ్లవంటి మోటారుబండ్లలో పడకలు అమర్చుకొనియు సెలవుదినములు గడపు జనులు, ఎరిగినను ఎరుగకున్నను, అతనికి ఋణపడియున్నారు.

మ్యూరు 1838 ఏప్రిల్ 21న స్కాట్లండులోని డన్బార్ పట్టణమున జన్మించెను. 1849లో తండ్రి అతనిని అమెరికాలోని విస్కాన్సిన్ సీమకు తీసికొనిపోయెను. తండ్రి దైవభక్తుడు, కాని మిక్కిలి కఠినుడు. అడవి నరకుట, పొలము దున్నుట బాలుని పాలబడెను. కొంతకాలమునకు నూతిపని వచ్చెను. మ్యూరు ఒక్కడే నెలల తరబడి ఉలితో రాయి తొలుచుచు దిగెను. సుమారు 80 అడుగుల లోతున విషవాయువు క్రమ్మి స్పృహ తప్పబోగా పైవారు బొక్కెనలో లాగి బ్రతికించిరి. కొలది దినములకే అతనిని మరల ఆ నూతిలోనికి దింపిరి. 90 అడుగుల లోతున నీరు పడెను. ఇట్టి చాకిరి నడుమ తెల్లవారకముందే లేచి చదివెను; కొయ్యతో గడియారములు చేసెను; వేళకు నిద్రించువానిని లేపి నిలబెట్టు మంచమును నిర్మించెను. మాడిసన్ విశ్వవిద్యాలయమున కొంతకాలము చదివి, పట్టము పుచ్చుకొనకయే వెడలిపోయెను.

1867 మార్చిలో ఇండియానాపోలిస్ నగరమున బండ్ల కర్మాగారములో పనిచేయుచుండగా ఆకురాయి మొన జారి అతని కుడికన్ను గ్రుచ్చుకొనెను. ఆ వెంటనే రెండవ కంటికిని చూపు తగ్గెను. వారముల తరబడి చీకటిగదిలో పడియుండి, ఇక పువ్వులను, కొండలను చూడజాలనని కుమిలెను. క్రమముగా చూపు మరలెను. యంత్రములపై జీవితము వెచ్చింపనని అప్పుడే నిశ్చయించుకొనెను.

ఆ సెప్టెంబరులో కెంటకీ నుండి ఫ్లారిడా సముద్రతీరము వరకు సుమారు 1,000 మైళ్లు కాలినడకను సాగిపోయెను. సవానా నగరమున చేతిలో డబ్బు అయిపోగా, ఇంటినుండి సొమ్ము వచ్చువరకు శ్మశానవాటికలోని సమాధుల నడుమ రాత్రులు పరుండెను. దొంగలు రారని అతని ధైర్యము. కాని ఫ్లారిడా చేరుసరికి మలేరియా జ్వరము పట్టి మంచము పట్టించెను. దక్షిణ అమెరికాకు పోవు సంకల్పము అందుతో చెదరెను. 1868లో దారి మళ్లి కాలిఫోర్నియా చేరి, యోసెమిటీ లోయను చూచెను.

1869 వేసవిలో గొఱ్ఱెలమందను తోలుకొని సియెరా పర్వతముల మీదికి పోయెను. మంద పోయినచోటనెల్ల పచ్చికయు పూలును నేలమట్టమగుటను కన్నులార చూచెను. తాను కాపాడు మందయే తాను ప్రేమించు కొండకు చేటు తెచ్చుచున్నదని అతడు గ్రహించెను. యోసెమిటీ లోయను హిమానీనదములు తొలిచినవని వాదింపగా, ఒక గొఱ్ఱెలకాపరికి భూగర్భశాస్త్రమేల యని పండితులు తేలికచేసిరి. అతడు పర్వతములను గాలించి, జీవించియున్న హిమానీనదమునే కనుగొని చూపెను.

అతని ప్రయాణసామగ్రి అత్యల్పము: రొట్టె, తేయాకు, వ్రాతపుస్తకము. ఈ అలవాటే ఒక్కొక్కప్పుడు ప్రాణము మీదికి తెచ్చెను. 1875 ఏప్రిల్ 30న షాస్టా శిఖరముపై వాయుపీడనమును కొలుచుచుండగా మబ్బులు క్రమ్మెను. తోడువచ్చినవాడు దిగిపోదమన్నను మ్యూరు లెక్క ముగియువరకు కదలలేదు. మంచుతుపాను దారి మూసివేసెను. ఆ ఇరువురు అగ్నిపర్వతపు వేడిబురదలో రాత్రియెల్ల పడియుండిరి. క్రిందివైపు ఒడలు కాలుచుండెను, పైవైపు గడ్డకట్టుచుండెను. తెల్లవారిన పిదప మంచుకు దెబ్బతిన్న పాదములతో దిగివచ్చిరి.

1880లో అలాస్కా హిమానీనదముపై స్టికీన్ అను చిన్నకుక్క అతని వెంటబడెను. సంజవేళ పెద్ద మంచుచీలిక అడ్డుపడెను. దాటుటకు కత్తియంచువంటి మంచువంతెన యొక్కటియే కలదు. మ్యూరు గొడ్డలితో మెట్లు చెక్కుచు దాటెను. కుక్క ఆవలిగట్టున నిలిచి ఏడ్చి ఏడ్చి, తుదకు తెగించి దాటి, ఆనందముతో గంతులు వేసెను. జంతువులకును మనవలెనే భయము, సాహసము కలవని మ్యూరు ఆ కథను లోకమునకు చెప్పెను.

1880లోనే వివాహమాడి కొన్నేండ్లు పండ్లతోటలు సాగుచేసెను. 1889లో పత్రికాసంపాదకుడైన రాబర్ట్ అండర్‌వుడ్ జాన్సన్‌తో కూడి కొండపై విడిదిచేసి, గొఱ్ఱెలు పాడుచేసిన బయళ్లను చూపెను. మ్యూరు వ్యాసములు, జాన్సన్ యత్నము ఫలించి 1890లో యోసెమిటీ జాతీయవనమాయెను. 1892లో సియెరా క్లబ్బు స్థాపితము కాగా మ్యూరు తుదివరకు దానికి అధ్యక్షుడుగా నుండెను. 1903 మే నెలలో రాష్ట్రపతి థియొడోర్ రూజువెల్టు పరివారమును విడిచి మ్యూరుతో మూడు రాత్రులు ఆరుబయట పరుండెను. ఒకనాటి ఉదయమున వారి కంబళ్లపై మంచు పేరుకొనియుండెను. రూజువెల్టు దానికి సంతోషించెను. కాలిఫోర్నియా రాష్ట్రముక్రింద మిగిలియున్న లోయ 1906లో జాతీయవనమున చేరెను.

అతని తుదిపోరు మాత్రము ఓటమియే. ఆ వనములోనిదే యైన హెచ్ హెచ్చీ లోయకు ఆనకట్ట కట్టి సాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు నీరు తేవలెనని పాలకులు తలపెట్టిరి. నగరమునకు నీరు కావలెననుట అసత్యము కాదు. నీరు మరియొకచోటినుండియు తేవచ్చునని మ్యూరు ఏండ్ల తరబడి వాదించెను. 1913 డిసెంబరులో చట్టము ఆనకట్టకు అనుకూలముగా వెలువడెను. ఏడాది తిరిగి, 1914 డిసెంబరు 24న, అతడు న్యుమోనియాతో లాస్ ఏంజెలిస్ నగరమున మరణించెను. 1923లో ఆనకట్ట పూర్తియయ్యెను.

అతని యందు లోపములు లేకపోలేదు. ఆ కొండలలో తరతరములుగా నివసించి, వెడలగొట్టబడిన ఆదివాసులను గూర్చి తొలిరచనలలో చులకనగా వ్రాసెను. అతడు స్థాపించిన సంస్థయే 2020లో ఆ సంగతిని బహిరంగముగా ఒప్పుకొనెను. అయినను నేడు యోసెమిటీ చేరి విడిదిచేయువారికి ఒకే వనములో రెండు లోయలు కానవచ్చును. ఒకదానిలో పచ్చికపై నడువవచ్చును. రెండవదానిలో పచ్చిక నీటి అడుగున నున్నది. మ్యూరు గెలుపేదో ఓటమియేదో విద్యార్థికి వేరుగా బోధింప నక్కరలేదు.