గడియారమునకు గూడు కట్టిన శిల్పి

లండను నగరమందలి వాలెస్ కళాసంగ్రహములో ఒక ఫ్రెంచి గడియారము కలదు. చలిమంట గూటిపై అరుగున నిలుపుకొను జాతి గడియారమది. అడుగున కాలపురుషుడు ఒరిగి యుండును. శిఖరమున రెక్కల బాలుడు, ప్రేమదేవత, జయించి నిలిచి యుండును. లోపలి యంత్రము గడియారపు పనివానిది. చూపరులు మెచ్చునది మాత్రము పై గూడు. అది ఆంద్రే షార్ల్ బూల్ పనిగా ఎన్నబడుచున్నది.

బూల్ 1642లో ప్యారిసున జన్మించెను. మంత్రి కోల్బేరు సిఫారసుపై 14వ లూయీ రాజు 1672లో ఇతనికి లూవ్రు రాజభవనమున నివాస మొసగెను. ఆ నివాసము బిరుదు కంటె విలువైనది. నాటి వృత్తిసంఘముల కట్టుబాటు ననుసరించి కొయ్యపనివాడు కంచుపని చేయరాదు. లూవ్రులో నుండువారికి ఆ నిషేధము లేదు. కావున రెండు పనులును ఇతని పనిశాలలోనే సాగినవి.

తొలుత రంగురంగుల కొయ్యముక్కలతో పువ్వులను పొదిగెను. తరువాత తాబేటిచిప్పను, ఇత్తడిరేకును ఒకదానిపై నొకటి అంటించి, సన్నని రంపముతో ఒక్కమారే కోయుటలో ఆరితేరెను. అట్లు కోసినచో చిప్పలో ఇత్తడిలత ఒకటి, ఇత్తడిలో చిప్పలత మరియొకటి సిద్ధమగును. ముక్క వృథా కాదు. ఈ పద్ధతి ఇతడు కనిపెట్టినది కాకపోయినను ఇతని పేరనే నిలిచెను.

ముక్క వృథాచేయని ఆ చేయి రూకను నిలుపలేకపోయెను. పాతచిత్రముల వేలము ఎచ్చట జరిగినను బూల్ అచ్చట ప్రత్యక్షము. డబ్బు లేకున్న వడ్డీకి తెచ్చి కొనును. 1704లో ఋణదాతలు బంధింపజూడగా రాజే అడ్డుపడి, అప్పులు చక్కబరచుకొనుటకు ఆరునెలల గడు విప్పించెను. అవి చక్కబడలేదు. 1715లో పనిశాలను నలుగురు కుమారులకు అప్పగించెను గాని చిత్రములను విడువలేదు.

1720 ఆగస్టులో ఒకనాటి రాత్రి పనిశాల అంటుకొనెను. రూబెన్సు ఇటలీ యాత్రలో వ్రాసికొన్న పుస్తకము, ఒకటి రెండు పుటలు దక్క, బూడిదయ్యెను. రాఫేలువిగా ఎంచిన చిత్రములును పోయినవి. ఆ నష్టపు జాబితాలో మరియొక పద్దు కలదు: ఐదు పెట్టెల నిండ సహజవర్ణపు కొయ్యతో చేసిన పువ్వులు, పక్షులు, ఆకులు. అందు పెక్కు బూల్ పడుచుతనమున స్వయముగా చేసి దాచుకొన్నవి. రూబెన్సు పుస్తకమునకు వగచు పండితులు నేటికిని కలరు. ఈ పెట్టెలకు వగచినవాడు ఆ డెబ్బదియేడేండ్ల ముదుసలి యొక్కడే కాబోలు.

1732 ఫిబ్రవరిలో, తొంబదవ యేట, అదే లూవ్రులో కన్నుమూసెను. మిగిలినవి అప్పులు. ప్యారిసులో 1886లో స్థాపించిన చేతిపనుల విద్యాలయము ఇతని పేర నడుచుచున్నది. కొయ్యపొదుగు నచట నేటికిని నేర్పుచున్నారు.