ఆగిన చోటి నుంచే మళ్లీ: దుర్గాబాయి దేశ్‌ముఖ్

రాయపూర్‌కు బదిలీపై వచ్చినప్పుడు పాఠాలు వెనకబడతాయేమోనని మనమంతా బెంగపడ్డాం. దుర్గాబాయమ్మ చదువైతే ఏళ్ల తరబడి ఆగిపోయింది.

ఆమె 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. చిన్ననాడే బడి మానేశారు. హిందీ నేర్చుకుని, ఆడవాళ్లకు హిందీ పాఠశాల నడిపారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. బయటికి వచ్చాక మెట్రిక్ పాసయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఎ. చేశారు. చదువు సాగుతుండగానే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. 1942లో లా పూర్తిచేసి వకీలయ్యారు. తర్వాత రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. తనలా చదువు ఆగినవాళ్లను ఆమె మరువలేదు. 1958లో బోర్డు పెద్ద వయసు స్త్రీలకు సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టింది. బడి మధ్యలో మానిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్షలు పాసై, నర్సు శిక్షణకో టీచరు శిక్షణకో వెళ్లే దారి దొరికింది.

1981 మే 9న ఆమె కన్నుమూశారు. పిల్లలూ, కొత్త బడిలో పాఠం సగంలో అందుకోవలసి వస్తే దిగులు పడకండి. ఆమె కూడా సగంలోనే అందుకున్నారు. పైగా ఎందరికో అందించారు.