ఆసియా గ్రహశకలాన్ని కనుగొన్న నార్మన్ పాగ్సన్

కుజ, బృహస్పతి గ్రహాల కక్ష్యల నడుమ లక్షలాది శిలాఖండాలు సూర్యుని చుట్టూ పరిభ్రమిస్తున్నాయి. వీటినే మనం గ్రహశకలాలంటాము. 1801 జనవరి 1న సెరెస్ కనబడినది మొదలు అరవై ఏళ్లపాటు వీటిని కనుగొన్న కీర్తి ఐరోపా, అమెరికా ఖండాలకే దక్కింది. ఆ జాబితాలో మన ఖండం పేరును చేర్చినవారు మద్రాసు వేధశాలకు చెందిన నార్మన్ రాబర్ట్ పాగ్సన్. మన గోదావరి జిల్లా నాడు మద్రాసు రాజధానిలో అంతర్భాగమే. కనుక ఆయన చరిత్ర మనకు పరాయిది కాదు.

పాగ్సన్ 1829 మార్చి 23న ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఒక వస్త్ర వ్యాపారి ఇంట జన్మించారు. తండ్రి వ్యాపారం కన్న ఆయనను గణితమే ఎక్కువగా ఆకర్షించింది. పద్దెనిమిదేళ్లకే తోకచుక్కల కక్ష్యలను గణించారు. 1852లో ఆక్స్‌ఫర్డులోని రాడ్‌క్లిఫ్ వేధశాలలో చేరి, అక్కడ ఐసిస్, ఏరియాడ్నీ, హెస్టియా అనే మూడు గ్రహశకలాలను కనుగొన్నారు. నక్షత్రాల కాంతి తరగతుల మధ్య నిష్పత్తిని 1856లో ప్రతిపాదించినదీ ఆయనే. ఐదు తరగతుల తేడా అంటే కాంతిలో నూరు రెట్ల తేడా. ఖగోళ శాస్త్రజ్ఞులు ఈనాటికీ ఈ కొలమానాన్నే పాటిస్తున్నారు.

1861లో మద్రాసు చేరిన పాగ్సన్, ఆ ఏడు ఏప్రిల్ 17 రాత్రి ఒక కొత్త గ్రహశకలాన్ని గుర్తించారు. ఈ పనిలోని కష్టాన్ని మనం గ్రహించాలి. దూరదర్శినిలో గ్రహశకలం కూడా నక్షత్రంవలె ఒక చుక్కగానే కనిపిస్తుంది. పటంలో లేని చుక్కను పసిగట్టి, మరునాడు అది స్థానం మారినదా లేదా అని సరిచూడాలి. కనీసం మూడు స్థానాలనైనా నిర్ణయించి, వాటినుండి కక్ష్యను గణించాలి. ఆ లెక్క కుదరకుంటే కనబడినది మళ్లీ కనుమరుగవుతుంది.

ఆసియా ఖండంనుండి కనుగొన్న మొదటి గ్రహశకలం కనుక దీనికి ఆసియా అని నామకరణం చేశారు. గ్రీకు పురాణాలలోని ఒక దేవత పేరు కూడా అదే కావడంవల్ల, గ్రహశకలాలకు దేవతల పేర్లు పెట్టే నాటి సంప్రదాయమూ నెరవేరింది. దీని వరుస సంఖ్య 67. సుమారు 60 కిలోమీటర్ల వ్యాసం గల ఈ శిల, సూర్యునికి సగటున 36 కోట్ల కిలోమీటర్ల దూరాన, దాదాపు మూడు సంవత్సరాల తొమ్మిది నెలలకొక ప్రదక్షిణం పూర్తి చేస్తుంది. కక్ష్య కొంత కోలగా ఉన్నందున ఆ దూరం 29 కోట్లకు పైనుండి 43 కోట్ల కిలోమీటర్ల వరకు మారుతూ ఉంటుంది.

అటుపిమ్మట పాగ్సన్ మద్రాసునుండే సాఫో, సిల్వియా, కమిల్లా, వీరా అనే మరి నాలుగింటిని కనుగొన్నారు. వీటిలో సిల్వియాకు రెండు ఉపగ్రహాలున్నట్లు 2005లో వెల్లడైంది. రెండు ఉపగ్రహాలున్నట్లు తెలిసిన తొలి గ్రహశకలం అదే.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగునేలమీదుగా సాగింది. దానిని పరిశీలించడానికి పాగ్సన్ మచిలీపట్నం వచ్చారు. ఆయన సహాయకులు చింతామణి రఘునాథాచారి వనపర్తికి వెళ్లారు. అంతకు ముందటి ఏడే రఘునాథాచారి కాంతి మారే ఒక నక్షత్రాన్ని కనుగొన్నారు. పాగ్సన్ కుమార్తె ఐసిస్ సైతం 1873నుండి వేధశాలలో సహాయకురాలుగా పనిచేశారు. ఆ కొద్దిమంది శ్రమతోనే ఏళ్ల తరబడి నక్షత్రాల స్థానాలు నమోదయ్యాయి. అయితే పరిశీలించడం ఒక ఎత్తు, లెక్కలు తేల్చి అచ్చువేయడం మరొక ఎత్తు. చాలినంత సిబ్బంది లేక ఆ లెక్కలు పేరుకుపోయాయి. ముప్పై ఏళ్లు మద్రాసులో శ్రమించిన పాగ్సన్, అవన్నీ అచ్చులో చూడకుండానే 1891 జూన్ 23న అక్కడే కన్నుమూశారు. ఆయన తరువాత వచ్చిన మిచీ స్మిత్ వాటిని ప్రకటించి ఆ శ్రమను వృథా కానీయలేదు.

అదే ఏడు డిసెంబరులో జర్మనీకి చెందిన మాక్స్ వోల్ఫ్ ఫోటోగ్రఫీ సహాయంతో తొలిసారి ఒక గ్రహశకలాన్ని కనుగొన్నారు. కంటినే నమ్ముకుని వెదికే యుగం పాగ్సన్‌తోపాటే ముగింపుకు వచ్చిందనవచ్చు. 1968లో కనుగొన్న 1830వ గ్రహశకలానికి ఆయన పేరు పెట్టారు. చూచినదానిని పదిలంగా వ్రాసిపెట్టడం చూడడమంత గొప్ప పని అని ఆయన జీవితం మనకు తెలుపుతున్నది. ప్రయోగశాలలో అడుగుపెట్టే మన విద్యార్థులు అలవరచుకోవలసినది ఈ దీక్షనే.