వెండి ఉప్పులో నిలిచిన ఊళ్ళు

(బి.యస్సి. ద్వితీయ సంవత్సరం)

ఫోటో అనగానే మనకిప్పుడు రంగులే గుర్తొస్తాయి. రంగుల్లేని కాలంలో కోటల్నీ వీధుల్నీ నలుపు తెలుపుల్లో నిలబెట్టిన మహనీయుడు రాజా దీన్ దయాళ్.

ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇందోరు పబ్లిక్ వర్క్స్ శాఖలో అంచనాలు వేసి ప్లాన్లు గీసే ఉద్యోగంలో చేరాడు. 1874లో కెమెరా పట్టాడు. గోడ పొడుగూ వాకిలి ఎత్తూ కొలిచిన మనిషికి, కట్టడాన్ని ఎక్కడ నిలబడి చూడాలో ఒకరు చెప్పాలా?

అప్పట్లో ఫోటో తీయడమంటే మా కెమిస్ట్రీ ల్యాబుని నెత్తినెత్తుకుని తిరగడమే! గాజుపలకకు కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేటులో ముంచి, తడి ఆరకముందే తీసి కడగాలి. తర్వాత పొడిపలకలొచ్చి ఆ అవస్థ తప్పింది. 1882లో లెపెల్ గ్రిఫిన్ దొర వెంట మధ్యభారతం తిరిగి తీసిన కట్టడాల చిత్రాలు 1886లో పుస్తకంగా వచ్చాయి.

ఆపైన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై సికిందరాబాదులో స్టూడియో పెట్టాడు. 1892లో ఘోషా స్త్రీల కోసం వేరే స్టూడియో తెరిచాడు. 1894లో నిజాం ఆయనకు 'ముసవ్విర్ జంగ్' బిరుదిచ్చాడు. అయితే రైతుబిడ్డనైన నన్ను కదిలించేవి నవాబుల దర్బారులు కావు. 1899-1900 కరువులో కూలి కోసం మట్టిపనికొచ్చిన జనాల చిత్రాలు. మహళ్ళు తీసిన కెమెరాయే వాళ్ళనీ చూసింది.

1905లో ఆయన కన్నుమూశాడు. మూడేళ్ళకు, 1908లో, మూసీ వరద నగరాన్ని ముంచేసింది. ఆయన తీసిన బషీర్‌బాగ్ ప్యాలెస్ కూడా తర్వాత నేలమట్టమై, ఇవాళ పేటకు పేరుగా మాత్రమే మిగిలింది. చూడాలంటే ఫోటోయే దిక్కు.

ఆయన గాజు నెగటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరింది 1989లో. ఆ ఏడు నవంబరులోనే కావలి తుపాను మా నెల్లూరు తీరాన్ని ఊడ్చిపెట్టింది. మా అవ్వ కాపరానికొచ్చిన తాటాకిల్లు అప్పుడే పోయింది. దాని ఫోటో ఒక్కటీ లేదు. వాకిలి ఎటుండేదో అవ్వ వేలితో గీసి చూపిస్తుంది, అంతే.

రాజుల మేడలకు దీన్ దయాళ్ దొరికాడు. మన పల్లెలకెవరున్నారు? మిత్రులారా, సంక్రాంతి సెలవులకు ఊరెళ్ళినప్పుడు మన మొహాలతోబాటు గాదెనీ, బావిగట్టునీ, పశువుల కొట్టాన్నీ ఫోటో తీద్దాం. వెనకాల ఊరిపేరూ తేదీ రాసిపెడదాం. గాలివాన చెప్పిరాదు గదా!