ఇత్తడిలోని రెండవ లోహము: మార్‌గ్రాఫ్ చరిత్ర

మనము ఇత్తడి యనునది కన్నడమున హిత్తాళె, తమిళమున పిత్తళై. పేర్లు ఇంత దగ్గరగా నున్నను, ఆ లోహము దేనితో నైనదని అడిగినచో మన పిల్లలలో పలువురు తడబడుదురు. రాగి గనులు కలవు, ఇనుప గనులు కలవు. ఇత్తడి గని మాత్రము ఎచ్చటను లేదు. రాగియు తుత్తునాగమును కలిసిన మిశ్రలోహమే ఇత్తడి. తుత్తునాగమునే జింకు అని పాఠ్యపుస్తకములలో చదువుచున్నారు.

ఐరోపాలో ఇత్తడి చేయువారిలో చాలమందికి ఈ రెండవ లోహము సంగతియే తెలియదు. రాగి ముక్కలను, కాలమైన్ అను రాతిపొడిని, బొగ్గును మూసలో నుంచి కాల్చెడివారు. రాగి పసుపువన్నె తిరిగి, బరువెక్కెడిది. రాయి రాగికి రంగు వేసినదని వారి తలంపు. రంగు వేసినంతనే బరువేల పెరుగవలెను?

ఆంద్రెయాస్ సిగిస్మండ్ మార్‌గ్రాఫ్ 1709 మార్చి 3వ తేదీన బెర్లిను నగరమున జన్మించెను. తండ్రి మందులు తయారుచేసి అమ్మువాడు. తూచుట, వడియగట్టుట, కాచుట కుమారునికి ఇంటనే అలవడినవి. పిదప స్ట్రాస్‌బర్గ్, హాలె మున్నగు చోట్ల చదివి, గనులకు పేరొందిన ఫ్రైబర్గులో లోహవిద్య నేర్చెను. 1738లో బెర్లిను విజ్ఞాన పరిషత్తున సభ్యుడయ్యెను.

తుత్తునాగముతో చిక్కు ఇది: 907 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే అది మరగి ఆవిరియగును. రాతినుండి దానిని విడదీయుటకు కావలసిన వేడియు అంతకు తక్కువ కాదు. కావున లోహము పుట్టిన క్షణముననే ఆవిరియై, గాలి సోకగానే మండి తెల్లని పొగయై పోవును. మూసలో రాగి యున్నచో ఆ ఆవిరి రాగిలోనికి చొచ్చి నిలుచును. బరువు పెరుగుటకు కారణ మిదియే.

1746లో మార్‌గ్రాఫ్ రాగిని పూర్తిగా విడిచిపెట్టెను. కాలమైను పొడిని బొగ్గుతో కలిపి, గాలి చొరకుండ మూసిన పాత్రలో తీవ్రముగా కాల్చెను. ఆవిరి పోవుటకు దారి లేక చల్లబడి లోహమై పేరుకొనెను. వేర్వేరు చోట్ల దొరకిన కాలమైనుతో మరల మరల చేసి చూచెను, లోహము ఒక్కటియే.

తుత్తునాగమును కనుగొన్నవాడు మార్‌గ్రాఫే యని వ్రాయుట కద్దు. అది సరికాదు. రాజస్థానమున ఉదయపూరు దాపుననున్న జావర్ గనులలో మనవారు అంతకు కొన్ని శతాబ్దముల ముందే మట్టిపాత్రలను తలక్రిందుగా నిలిపి, ఆవిరిని క్రిందికి దింపి ఈ లోహమును తీసిరి. ఇంగ్లండులో విలియం ఛాంపియన్ 1738లో తన పద్ధతికి పేటెంటు పొందెను. అయినను పని రహస్యము దాచక, ఎట్లు జరుగునో విప్పి వ్రాసిన ఘనత మార్‌గ్రాఫుది.

ఇత్తడిలో పాళ్లు ఒక్క తీరున నుండవు. నీటిలో జలజని, ఆమ్లజనులవలె నియమిత నిష్పత్తి లేనందున అది సమ్మేళనము కాక మిశ్రలోహ మైనది. తుత్తునాగము నూటికి 5 పాళ్లున్నను, 35 పాళ్లున్నను ఇత్తడియే. రెండు లోహముల పరమాణువులు ఇంచుమించు ఒకే పరిమాణము గలవి. కొన్ని రాగి పరమాణువుల స్థానమున తుత్తునాగపు పరమాణువులు కూర్చుండును. అందుచే పొరలు సులభముగా జారవు. ఇత్తడి రాగికంటె గట్టిపడును.

మరుసటి యేడు, 1747లో, బీటుదుంపలనుండి చక్కెర తీసి, అది చెరకు చక్కెరయే యని నిరూపించెను. దానివలన తానేమియు గడింపలేదు. 1774లో పక్షవాతము సోకినను ప్రయోగశాలను వీడక మరి కొన్నియేండ్లు పనిచేసి, 1782 ఆగస్టు 7న మరణించెను. ఆ దుంపల చక్కెరకు కర్మాగారము స్థాపించినవాడు ఇతని శిష్యుడు అఖార్డ్. అప్పటికి గురువు గతించి ఇరువది యేండ్లు కావచ్చెను.