మన కొండ రాళ్లు, కాటన్ దొర

మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడగగానే నాకు గుర్తొచ్చింది ధవళేశ్వరం కొండ. సెలవు రోజుల్లో జనార్దనస్వామి గుడికి ఎక్కి, పైనుంచి గోదావరిని చూసేవాళ్లం. ఆనకట్టకు రాయి ఈ కొండ నుంచే తీశారని అప్పుడు మాకెవరికీ తెలియదు.

మా తాతయ్య గోదావరిలో మునిగి, సంకల్పంలో కాటన్ దొరను కూడా తలుచుకునేవారు. మంత్రంలో దొర పేరేమిటని నేను పకపకా నవ్వాను. తాతయ్య కోప్పడలేదు. కాలవ గట్టున మా చేను దగ్గర నిలబెట్టి, ఈ నీళ్లు ఎక్కడివో తెలుసుకోమన్నారు. ఆ తెలుసుకోవడం నాకు చాలా ఆలస్యమైంది.

ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లండులో పుట్టారు. పద్దెనిమిదేళ్లకే సైనిక ఇంజనీరుగా మద్రాసు చేరారు. కావేరి మీద చోళులు కట్టిన కల్లణైని శ్రద్ధగా పరిశీలించి, ఇసుక నేలలో పునాది నిలబెట్టే కిటుకు మన పూర్వుల దగ్గరే నేర్చుకున్నారు. 1836లో కొల్లిడంపై ఆనకట్టలు కట్టారు.

అప్పటికి గోదావరి సీమ కష్టాల్లో ఉంది. 1833లో డొక్కల కరువు, 1839లో ఉప్పెన. పక్కనే ఇంత నది పారుతున్నా పొలాలు ఎండిపోయేవి. 1844లో ఆయన ఆనకట్ట కట్టాలని సిఫారసు చేశారు. 1847లో పని మొదలైంది. మధ్యలో ఆయన ఆరోగ్యం చెడి కొంతకాలం వెళ్లిపోతే, కెప్టెన్ ఓర్ పని సాగించారు. 1852లో ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలను కలుపుతూ ఆనకట్ట పూర్తయింది. 1861లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. రైళ్లకన్నా కాలవలే ఈ దేశానికి ముఖ్యమని చివరిదాకా వాదించి, 1899లో కన్నుమూశారు.

దొర పేరు మనకు తెలుసు. ఆ రాళ్లు మోసిన వేలమంది కూలీల్లో ఒక్కరి పేరూ నాకు తెలియదు. కొండను చూసినప్పుడల్లా వాళ్లే గుర్తొస్తారు.

ఇప్పుడు కొత్త బ్యారేజి ఉంది, గుర్రమెక్కిన దొర విగ్రహం ఉంది, కాటన్ మ్యూజియం ఉంది. మన సంఘానికి నాదొక్కటే మనవి. ఏటా ఆరో తరగతి పిల్లలను ఒక పూట అక్కడికి తీసుకువెళదాం. తరువాత కొండ ఎక్కిద్దాం. నాలాగా నవ్వేసి, ఆలస్యంగా సిగ్గుపడే పని వాళ్లకు రాకూడదు.