తన కాలు తానే చెక్కుకొన్న సైనికుడు

పానగల్ కోట కొరకు 15వ శతాబ్ది తొలి పాదంలో బహమనీ సుల్తాను ఫిరోజ్ షాకు, విజయనగర రాజుకు ఘోరయుద్ధం జరిగినది. గెలిచిన ప్రభువు పేరును, ఓడిన ప్రభువు పేరును చరిత్ర భద్రపరచినది. ఆ గోడల క్రింద కాలో చేయో పోగొట్టుకొన్న బంటు పిమ్మట ఎట్లు బ్రతికినాడో అది పట్టించుకొనలేదు. ఏ యుద్ధంలోనైనను జరుగునది ఇంతే. అయితే అమెరికా అంతర్యుద్ధంలో కాలు కోల్పోయిన ఒక సామాన్య సైనికుని కథ మాత్రం నిలిచినది. ఆయన పేరు జేమ్స్ ఎడ్వర్డ్ హేంగర్.

హేంగర్ 1843లో వర్జీనియా రాష్ట్రంలో జన్మించినాడు. ఇంజనీరింగు చదువుచుండగా యుద్ధం వచ్చినది. పదునెనిమిదేండ్ల ఆ బాలుడు చదువు మాని దక్షిణాది అశ్వికదళంలో చేరినాడు. అది బానిసత్వమును నిలుపుకొనదలచిన పక్షమన్న మాట దాచరానిది. చేరిన కొలది దినములకే, 1861 జూన్ 3న, ఫిలిప్పీ గ్రామంలో గుఱ్ఱపుసాలలో నుండగా ఫిరంగిగుండు తగిలి ఎడమకాలు నుగ్గయినది. మోకాలికి పైభాగమున ఆ కాలు తీసివేసి ప్రాణము నిలిపినవాడు శత్రుపక్షపు వైద్యుడే! ఆ యుద్ధంలో అవయవచ్ఛేదము జరిగిన మొదటివాడు ఇతడేనని ప్రసిద్ధి.

చెఱ విడిచి ఇల్లు చేరునప్పటికి అతనికి లభించినది మోకాలు వంగని మొద్దుకొయ్య. మేడమీది గదిలో చేరి తలుపు మూసికొన్నాడు. పీపాచెక్కలు, విల్లో కొయ్య, కత్తి అడిగి తెప్పించుకొన్నాడు. బిడ్డ దుఃఖంలో మునిగియున్నాడని తలచి ఇంటివారు భోజనము గుమ్మం ముందుంచి పోయెడివారట. కొన్ని నెలలకు అతడు మెట్లు దిగి నడచివచ్చినాడు. ఆ కొయ్యకాలికి మోకాలివద్దను, చీలమండవద్దను కీళ్ళున్నవి. పేగుతీగెలతో కీళ్ళను ఆడించు పాత పద్ధతి మాని రబ్బరు దిమ్మలను అమర్చుట అతని నేర్పు.

ఊరిలోని తోడి క్షతగాత్రులు తమకును అట్టిది కావలెనన్నారు. వ్యాపారము అట్లు పుట్టినది. రిచ్మండ్, స్టాంటన్ పట్టణాలలో కర్మశాలలు వెలసినవి. వికలాంగులైన సైనికులకు కాళ్ళు చేసి ఇచ్చు పనిని వర్జీనియా ప్రభుత్వము అతనికి అప్పగించినది. 1871లో అమెరికా ప్రభుత్వపు పేటెంటు లభించినది. కొనవచ్చినవాని తొడకు ఎక్కడ ఒరిపిడి కలుగునో, మెట్టు దిగునప్పుడు ఎక్కడ భయము పుట్టునో ఆ యజమానికి ఒకరు చెప్పనక్కరలేదు. దయతలచి చేసిన వస్తువు వేరు, తాను తొడిగి నడచిన వస్తువు వేరు. ఆ కర్మశాలకు పరపతి తెచ్చినది ఈ భేదమేనని తోచును.

కుమారులు పెరిగి పనిలో చేయి కలిపినారు. 1915లో, డెబ్బదిరెండేండ్ల వయస్సులో, హేంగర్ ఐరోపాకు వెళ్ళినాడు. అక్కడ మరియొక మహాయుద్ధము వేలకొలది యువకుల కాళ్ళు తీసివేయుచున్నది. లండన్, పారిస్ నగరాలలో సంస్థ శాఖలు ఏర్పడినవి. 1919లో ఆయన కన్నుమూసినాడు. అప్పటికి కొయ్యకాలిపై నడువనారంభించి 58 ఏండ్లు కావచ్చినది.